అడుగులకు అరిసెలు – అంతకు ముందు సంగతి

బిడ్డ ఎదుగుదలను లెక్కపెట్టుకొనేందుకు మన పెద్దలు ఏర్పరచిన పద్ధతి ఎంతో ముచ్చటైనది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలికితే చిలకలు. బిడ్డ ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడెల్లా ఇరుగు పొరుగు అంతా నోరు తీపి చేసుకుంటారు. ఈ పిండివంటలను మనమెవరమూ వదులుకోలేదు, వదులుకోవద్దు కూడా. అయితే ఈ లెక్క నవ్వుతో మొదలవుతున్నది. బిడ్డ మన ముఖము చూసి నవ్వేది పుట్టిన ఆరు వారాలకు. అప్పటికే ఆ బిడ్డ ఎదుగుదల మొదలై పది నెలలు అయిపోయినది. ఎవరూ పొయ్యి మీద బాణలి పెట్టని ఆ పది నెలల గురించి, ఆ తరువాతి రెండేండ్ల గురించి ఈ నెల మన కుటుంబాలతో మాట్లాడాలనుకున్నాము. పురుషులు ఈ పేజీ తిప్పివేయవద్దని మనవి.

తల్లి అండము, తండ్రి వీర్యకణము కలిసినప్పుడు ఏర్పడే మొదటి కణము మిల్లీమీటరులో సుమారు పదవ వంతు. అది రెండై, నాలుగై, ఎనిమిదై, వారము రోజులలో గర్భాశయపు గోడను చేరి అంటుకుంటుంది. ఆడో మగో మాత్రము మొదటి క్షణములోనే తేలిపోయి ఉంటుంది. తల్లి అండములో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి నుండి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. రెండవసారి కూడా ఆడపిల్లేనని కోడలిని సాధించే అత్తగారు ఈ సంగతి తెలిస్తే కొడుకు వైపు చూడవలసి వస్తుంది. అతని చేతిలోనూ ఏమీ లేదు గనుక ఎవరినీ అనకుండా ఊరుకోవడమే మంచిది. ఇక కడుపులో ఉన్నది ఎవరో చెప్పించుకోవడమును 1994లో వచ్చిన చట్టము నేరముగా ప్రకటించింది.

మూడు వారాలు దాటగానే, అంటే సుమారు 22వ రోజున, బిడ్డ గుండె కొట్టుకోవడము మొదలవుతుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టము 28వ రోజుకు మూసుకోవాలి. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతోనో, తల పైభాగము ఏర్పడకుండానో పుడుతుంది. ఇక్కడ మన పల్లెల్లోని ఆడపడుచులు గమనించవలసినది ఒకటున్నది. 28వ రోజు అంటే నెల తప్పి ఇంకా రెండు వారాలే. వేవిళ్లు మొదలై, నలుగురికీ తెలిసి, మూడవ నెలలో ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ పని ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లో ప్రచురించిన పరిశోధనలో, అంతకు ముందు ఇటువంటి బిడ్డ పుట్టిన తల్లులు గర్భము రాకముందు నుండే ఫోలిక్ ఆమ్లము తీసుకొన్నప్పుడు ఆ లోపము మళ్లీ రావడము 72 శాతము తగ్గినట్లు తేలినది. కాబట్టి పెండ్లయి బిడ్డను కోరుకుంటున్న ప్రతి అమ్మాయి ఆ మాత్రను (రోజుకు 400 మైక్రోగ్రాములు) ముందు నుండే వేసుకోవాలి. లోగడ అటువంటి కాన్పు అయిన వారికి మోతాదు ఎక్కువ, అది డాక్టరు చెప్పాలి. పెండ్లికి పదహారు రకాల సామాను కొంటాము. ఆ మాత్రల చీటీ ఎంతపాటిది?

ఎనిమిది వారాలకు బిడ్డ పొడవు మూడు సెంటీమీటర్లు, ముఖ్యమైన అవయవాలన్నీ రూపు దిద్దుకొని ఉంటాయి. అయిదవ నెల ప్రాంతములో కదలిక తల్లికి తెలుస్తుంది. ఏడవ నెలకు వినికిడి వస్తుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులకు తల్లి గొంతు, వేరొక స్త్రీ గొంతు వినిపించి చూశారు. పిల్లలు తల్లి గొంతు వినడానికే ఇష్టపడి, అది వినిపించే విధముగా పీకను చప్పరించారు. కడుపులో ఉన్న బిడ్డతో తల్లి మాట్లాడితే నవ్వేవారు ఈ సంగతి విని ఉండరు.

తల్లి తిండి విషయము కొంచెము వివరముగా చెప్పాలి. “ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది” అనే మాట ఎన్నో ఊళ్లలో వింటున్నాము. పైగా కోడలు అందరికీ పెట్టి చివరన మిగిలినది తినడము మన ఇళ్లలో మర్యాదగా చెలామణి అవుతున్నది. ఇది ఎంత నష్టమో మన హైదరాబాదు దగ్గరి పల్లెలే చూపించాయి. 1987 నుండి 1990 వరకు అక్కడి 29 గ్రామాలలో ఒక పరిశోధన జరిగింది. 15 గ్రామాలలో గర్భిణీలకు, పిల్లలకు అదనపు ఆహారము పెట్టారు. గర్భిణికి రోజుకు సుమారు 500 కిలో క్యాలరీలు, పిల్లలకు 300. మిగిలిన గ్రామాలలో అప్పటికి ఆ పథకము రాలేదు. పిల్లలు పదమూడు నుండి పద్దెనిమిదేండ్ల వారయ్యాక మళ్లీ వెళ్లి కొలిచారు. ఆహారము అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అంతే అయితే పెద్ద విశేషము కాదు. మధుమేహానికి, గుండె జబ్బుకు దారి తీసే లక్షణాలు కూడా వారిలో తక్కువగా కనిపించాయి. ఇది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒక పూట తిండి, పదిహేనేండ్ల తరువాత రక్తనాళములో కనబడింది!

రక్తము పట్టే ఐరన్ మాత్రలు గర్భిణీకి 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఇస్తారు. మలము నల్లగా వస్తుందని భయపడి చాలామంది మానేస్తారు. అది ఆ మాత్రల గుణమే, హాని లేదు. టీతో మాత్రము వేసుకోవద్దు, ఒంటికి పట్టదు.

ఇక ముర్రుపాల సంగతి. ఈనిన గేదె ముర్రుపాలు దూడకు తాగించకపోతే దూడ నిలవదని ప్రతి రైతుకూ తెలుసు. అదే రైతు ఇంట్లో బాలింత పసుపుపచ్చని మొదటి పాలను “చెడ్డ పాలు” అని పిండి పారబోయిస్తారు. బిడ్డ నోట్లో పంచదార నీళ్లు, తేనె, ఆముదము పోస్తారు. ఆ మొదటి పాలలోనే రోగాలను తట్టుకొనే శక్తి ఉన్నది. పుట్టిన గంటలోపే పట్టాలి. అవి చెంచాడే వస్తాయి, బిడ్డకు ఆ రోజుకు చెంచాలే చాలు. తేనె ఏడాది లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు, దానిలో పసివారికి ప్రాణాంతకమైన క్రిమి బీజాలు ఉండవచ్చును. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరము లేదు, మన మే నెల ఎండల్లో కూడా.

మొదటి రోజులలో బిడ్డ బరువు కొంచెము తగ్గుతుంది. రెండు వారాలకు మళ్లీ వస్తుంది. అయిదు నెలలకు పుట్టినప్పటికి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు ఉండాలి. నడినెత్తిన మెత్తగా ఆడే మాడు చూసి కంగారు పడవద్దు, అది ఏడాదిన్నర ప్రాంతానికి మూసుకుంటుంది. విరేచనాలు అవుతున్నప్పుడు ఆ మాడు గుంట పడితే మాత్రము ఒంట్లో నీరు ఇంకిపోయినట్లు. వెంటనే ఓఆర్‌ఎస్ పట్టిస్తూ, పాలు మాన్పించకుండా ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

ఆరు నెలలు నిండగానే మెత్తని అన్నము, పప్పు, కొంచెము నెయ్యి కలిపి పెట్టాలి. పలచని గంజి, పప్పు కట్టు పొట్ట నింపుతాయి గాని బలము ఇవ్వవు. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. గుడ్డు, ఆకుకూర, మెదిపిన చేప కూడా పెట్టవచ్చును.

మెట్ల విషయములో పోటీ వద్దు. “పక్కింటి పాప పది నెలలకే నడిచింది” అని తల్లి మనసు నొప్పించవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశముతో సహా అయిదు దేశాలలో చూసి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారము ఆరోగ్యవంతులైన పిల్లలు ఎనిమిది నెలల నుండి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా నడుస్తారు. కొందరు దోగాడకుండానే నిలబడతారు. పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోయినా, పేరు పెట్టి పిలిచినా, చప్పట్లు కొట్టినా తిరిగి చూడకపోయినా డాక్టరుకు చూపించాలి. వస పోస్తే మాటలు వస్తాయని ఎదురు చూస్తూ కూర్చోవద్దు. చెవి వినిపిస్తున్నదా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

అంగన్‌వాడీలో ప్రతి నెలా బిడ్డ బరువు తూచి కార్డులో చుక్క పెడతారు. చుక్కలను కలిపే గీత పైకి పోతూ ఉండాలి. బిడ్డ ఆడుకుంటూ హుషారుగా ఉన్నా సరే, గీత రెండు నెలలు అడ్డముగా సాగితే ఆ కార్డు పట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కార్డును పెట్టె అడుగున దాచవద్దు, క్యాలెండరు పక్కన మేకుకు తగిలించండి. ఇంట్లో చదువు వచ్చినవారెవరైనా, తాతగారైనా సరే, నెలకొకసారి దానిని చూడాలి.