పెదనాన్న మాస్క్

జగ్గయ్యపేటలో ఉండే మా పెదనాన్నకి గొంతు క్యాన్సర్. రేడియేషన్ వెంటనే మొదలుపెడతారనుకుంటే, ముందు పళ్ళ డాక్టర్ దగ్గరికి పంపారు. క్యాన్సర్‌కి పళ్ళతో పనేంటని నాకు కోపమొచ్చింది. రేడియేషన్ పడిన దవడ ఎముకకి రక్తం సరిగా అందదట, ఆ తర్వాత పన్ను పీకితే పుండు మానడం కష్టం. అందుకే పాడైన పళ్ళు ముందే తీసేసి, మానేదాకా ఆగుతారు.

తర్వాత మాస్క్. జల్లెడలా చిల్లులున్న ప్లాస్టిక్ షీట్‌ని వేడినీళ్ళలో మెత్తబరిచి, ముఖం నుంచి భుజాల దాకా అదిమితే కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. అది బిగించే సీటీ స్కాన్ తీస్తారు, ప్లాన్ మొత్తం ఆ పొజిషన్‌కే లెక్కేస్తారు. మన భాషలో, ఆరిజిన్ జరిగితే కోఆర్డినేట్లన్నీ తప్పే. గుర్తులు మాస్క్ మీదే గీస్తారు. ఛాతీకో పొట్టకో అయితే ఒంటి మీదే, వాటిని సబ్బుతో రుద్దకూడదు.

మనిషి చిక్కిపోతే మాస్క్ వదులవుతుంది, మళ్ళీ కొత్తది చేయాల్సి రావచ్చు. మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు. కొన్ని వారాలకే గొంతు మండి మెతుకు దిగదు, ఆపైన రోజూ విజయవాడకి బస్సు! అందుకే పెద్దమ్మ ఆసుపత్రి దగ్గరే గది చూసింది.

చుట్ట దగ్గరే గొడవ. పొగ తాగితే రేడియేషన్ సరిగా పనిచేయదని డాక్టర్ చెప్పిన రోజే, తిరుగు ప్రయాణంలో నందిగామలో బస్సు ఆగగానే పెదనాన్న దిగబోయారు. పెద్దమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.