భద్రాచలంలో ఆగిన టీకా, తేలిన ఒక్క డోసు లెక్క

14,091. అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో హెచ్‌పీవీ టీకా వేయించుకున్న అమ్మాయిల సంఖ్య ఇది. అందరూ 10 నుంచి 14 ఏళ్ల వాళ్లు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి 2009 జూలైలో ఈ పథకం మొదలుపెట్టింది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, గార్డసిల్ టీకా మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి పథకమే నడిచింది. తొమ్మిది నెలలకు, 2010 ఏప్రిల్‌లో కేంద్రం రెండింటినీ ఆపేసింది.

ఎందుకు ఆపిందో చెప్పే ముందు, ఆ సూదిమందు దేన్ని అడ్డుకోవడానికి వచ్చిందో చూడాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1,27,000 మందికి కొత్తగా వస్తోంది. దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. గంటకు తొమ్మిది ప్రాణాలు. నూటికి 70 కేసులకు కారణం హెచ్‌పీవీ వైరస్‌లో 16, 18 అనే రెండు రకాలే. వాటిని 1983, 84లలో గుర్తించిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్ చేసే పని విచిత్రమైనది. మన కణం రెండుగా చీలాలంటే లోపలి ప్రొటీన్లు ఒకదానికొకటి సంకేతాలు అందించుకుని అనుమతి ఇవ్వాలి. ఈ దారిలో రెండు ప్రొటీన్లు అటవీ చెక్‌పోస్ట్ లాంటివి. ఆర్‌బీ అనేది గేటు. వేళ కానిదే డీఎన్‌ఏ నకలు మొదలుకానివ్వదు. పీ53 కాపలాదారు. సరుకులో తేడా కనిపిస్తే బండిని అక్కడే ఆపేస్తుంది, అంటే చెడిన కణాన్ని తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. హెచ్‌పీవీకి తన నకళ్లు తీసుకునే యంత్రాంగం సొంతంగా లేదు. మన కణం చీలడానికి సిద్ధమవుతూ ఉంటేనే దానికి బతుకు. అందుకని ఈ7 అనే ప్రొటీన్‌తో గేటు ఎత్తేస్తుంది, ఈ6తో కాపలాదారును లేకుండా చేస్తుంది. ఈ రెండు సంగతులూ 1989, 90లలో బయటపడ్డాయి.

నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటుంది. చాలా రకాల క్యాన్సర్లలో పీ53 జన్యువే చెడిపోయి ఉంటుంది. ఈ క్యాన్సర్‌లో మాత్రం జన్యువు సాధారణంగా బాగానే ఉంటుంది. కణం పీ53ని తయారుచేస్తూనే ఉంటుంది, ఈ6 దాన్ని ఎప్పటికప్పుడు ముక్కలు చేయిస్తుంది. ప్రయోగశాలలో ఈ6, ఈ7లను అణచివేస్తే ముఖద్వార క్యాన్సర్ కణాలు పెరగడం మానేశాయి. అంటే ఈ వ్యాధికి ఆయువుపట్టు ఎక్కడో తెలుసు. అయినా నేరుగా అక్కడ కొట్టే మందు ఒక్కటీ ఇప్పటిదాకా ఆమోదం పొంది వాడుకలోకి రాలేదు.

వేరే దారిలో పనిచేసేలా వచ్చిన మందుల్లో ఒకటి బెవాసిజుమాబ్. కణితి తనకు రక్తనాళాలు కావాలని వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతాన్ని ఈ మందు దారిలోనే పట్టేస్తుంది. ముదిరిన ముఖద్వార క్యాన్సర్ ఉన్న 452 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. కీమోథెరపీ మాత్రమే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 13.3 నెలలు, ఈ మందు కూడా కలిపినవారిది 17 నెలలు. తేడా 3.7 నెలలు. నూటికి పాతికమందికి రక్తపోటు పెరిగింది. హైదరాబాద్‌కు చెందిన హెటిరో 2016లో దీనికి బయోసిమిలర్, అంటే దాదాపు ఇలాంటి మందే, తెచ్చింది కాబట్టి మందు మన ముంగిట్లోనే తయారవుతోంది. కానీ మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అదీ 21 రోజులకోసారి. యాభై కిలోల మనిషికి ఒక విడతకు 750 మిల్లీగ్రాములు. ఆ చికిత్స కోసం భద్రాచలం నుంచి హైదరాబాద్ పోవాలంటే రానూపోనూ 600 కిలోమీటర్ల పైమాటే. ఆ 3.7 నెలలు చిన్నవని నేను అనను, పిల్లలున్న తల్లికి అవి పెద్దవే. అయితే సంకేతం తెగిపోయాక సరిచేయడం ఎంత కష్టమో ఈ అంకెలే చెబుతున్నాయి. వైరస్‌ను కణంలోకే రానివ్వకపోతే ఈ6, ఈ7ల గొడవే ఉండదు. టీకా పని అదే.

మరి ఖమ్మంలో ఏం జరిగింది? రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేయించుకున్న ఏడుగురు బాలికలు ఆ తర్వాత చనిపోయారు. ఐదుగురు మనవాళ్లు, ఇద్దరు గుజరాత్ వాళ్లు. పథకాన్ని ఆపించిన గొడవ అక్కడే మొదలైంది. ప్రభుత్వ విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని తేల్చింది. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు అందులో ఉన్నాయి. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన అంకెలు వేరే కథ చెప్పాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. ప్రతి పదింటిలో దాదాపు మూడు పత్రాలకు అమ్మానాన్నల బదులు వార్డెనే సమ్మతి చెప్పారన్నమాట.

టీకా ప్రాణం తీసిందనడం ఎంత తప్పో, పథకం సవ్యంగా నడిచిందనడమూ అంతే తప్పు. అడవి పిల్లల దగ్గర సంతకం సులువుగా దొరుకుతుందని ఎవరూ నోరు తెరిచి అనకపోవచ్చు. పత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ గొడవకు ఎవరూ ఊహించని ఫలితం ఒకటి వచ్చింది. అదే సమయంలో దేశంలో తొమ్మిది కేంద్రాల్లో, రెండు డోసులు చాలునా, మూడు కావాలా అని మరో అధ్యయనం సాగుతోంది. 2010 ఏప్రిల్‌లో అదీ ఆగిపోయింది. అప్పటికి టీకా తీసుకున్న 17,729 మందిలో దాదాపు 4,950 మందికి ఒక్క డోసే పడింది. శాస్త్రవేత్తలు వారిని వదిలేయకుండా పదేళ్లు గమనించారు. 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా టీకా ఎంత కాపాడిందో 2021లో లెక్క వచ్చింది: ఒక డోసుకు 95.4 శాతం, రెండింటికి 93.1, మూడింటికి 93.3. దాదాపు తేడా లేనట్టే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనడానికి ఆధారమైన వాటిలో ఈ లెక్క ఒకటి. అదే ఏడాది సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకాకూ అనుమతి వచ్చింది.

మీ ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయి ఉంటే ఈ టీకా గురించి డాక్టర్‌ను అడగండి. పిల్ల హాస్టల్లో ఉంటే అంగీకార పత్రం మీదాకా రావాలని, చదివి వినిపించాకే వేలిముద్ర వేస్తామని గట్టిగా చెప్పండి. అది మీ హక్కు. ముప్పై దాటిన ఆడవాళ్లకు టీకా కన్నా ముఖద్వార పరీక్ష ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నామన్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు.