ఔషధ పరీక్షలకు త్రిమితీయ కాలేయ కణాలు

మధుమేహ ఔషధం ట్రోగ్లిటాజోన్‌ను అమెరికా 1997లో ఆమోదించింది. కాలేయం దెబ్బతిని రోగులు మరణించడంతో 2000లో ఉపసంహరించారు. జంతువులపై పరీక్షల్లో ఆ ముప్పు స్పష్టంగా బయటపడలేదు.

చదునైన పళ్లెంలో పెంచిన మానవ కాలేయ కణాలు ఔషధాలను విచ్ఛిన్నం చేసే ఎంజైములను కొద్ది రోజుల్లోనే కోల్పోతాయి. నెమ్మదిగా బయటపడే హానిని గుర్తించేందుకు ఆ వ్యవధి చాలదు. అవే కణాలను గుండ్రని ముద్దగా, అంటే ‘స్ఫెరాయిడ్’గా పెంచితే అన్ని వైపులా ఒకదానినొకటి తాకుతూ వారాల తరబడి పనిచేస్తాయి. చక్కెరలు, కొవ్వు ఆమ్లాలు అధికంగా అందిస్తే వాటిలో కొవ్వు పేరుకుంటుంది. ఫ్యాటీ లివర్ ఔషధాలను వాటిపైనే పరీక్షించవచ్చు.

రక్తనాళాలు లేనందున ముద్ద మరీ పెద్దదైతే మధ్యలోని కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయి. ఇది చిన్న లోపమేమీ కాదు.

భారత్ 2023లో ఔషధ పరీక్షల నిబంధనలను సవరించి, జంతువులకు బదులు ఇలాంటి నమూనాల వినియోగానికి వీలు కల్పించింది.