వార్తల్లో పదం: స్టార్డ్

పన్ను పుచ్చిందో లేదో ఫొటో చూసి ‘95 శాతం కచ్చితంగా’ చెప్పేస్తానని ఓ యాప్ రేపు ఉప్పల్‌లోని చిల్కానగర్ క్లినిక్‌కు వస్తే? ముందు అడగాల్సింది: ఎవరి నోళ్లలో చూశారు, పుచ్చిందని దేనితో తేల్చారు? ఎక్స్‌రేతోనా, పీకిన పన్నును కోసి చూశారా?

వ్యాధి నిర్ధారణ పరీక్షల మీద రాసే పరిశోధన పత్రాల్లో ఇవన్నీ చెప్పి తీరాలనే జాబితాయే స్టార్డ్. 2003లో వచ్చింది, 2015లో 30 అంశాలకు పెరిగింది. పరిశోధన మంచిదా కాదా అన్నది తేల్చదు, దాపరికం లేకుండా చూస్తుందంతే.

మనకు మరీ అవసరం. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లమీది తెల్లమచ్చను తొలిదశ పుచ్చుగా పొరబడటం తేలిక. అలాంటివాళ్లను పరీక్షలో కలిపారా, పక్కన పెట్టారా? అది రాయకపోతే ఆ 95ను ఉప్పల్‌లో నమ్మలేం.