ముంతమామిడి తొక్క నూనె: కాగును బట్టి ధర

తిరుపతి, చిత్తూరు బజార్లలో ముంతమామిడి పప్పు బేరం చేసే వర్తకులు గుండు, బద్ద, ముక్క అనే తేడాలను చీకట్లో తడిమి చెప్పగలరు. పప్పు విడిచిన తొక్క ఏమవుతున్నదని అడిగితే మాత్రం పొయ్యిలోకి పోతుందన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు తొక్కకు వేరే బజారు ఉన్నది. ఆ బజారు పడిపోతే పిక్క కొట్టించేవాడు ఆ లోటును పప్పు మీద వేసుకుంటాడు. కనుక పప్పు కొనేవారు తొక్క సంగతి కొంత తెలుసుకోవలసి ఉన్నది.

తిరుమల పోటులో 5,100 లడ్డూల దిట్టానికి వాడుకలో చెప్పే లెక్క 803 కిలోల సరుకు. అందులో ముంతమామిడి పప్పు 30 కిలోలు. పిక్క బరువులో పావు వంతు పప్పు దిగుతుందనుకుంటే, ఆ 30 కిలోల వెనుక సుమారు 120 కిలోల పిక్క, 80 కిలోలకు పైగా తొక్క ఉన్నట్టు. తొక్క బరువులో అయిదో వంతు నూనె లెక్కకట్టినా 16 కిలోలు తేలుతుంది. పప్పు కొండెక్కుతుంది, తొక్క, నూనె మాత్రం పలాసలోనో, వేటపాలెంలోనో, పన్రుట్టిలోనో, కొల్లంలోనో మిగిలిపోతాయి.

ఈ నూనె వంటకు గాని దీపానికి గాని పనికివచ్చే నూనె కాదు. రసాయన శాస్త్రం ప్రకారం ఇది ఫినాల్ జాతి పదార్థం. చిత్తూరు జిల్లా తోటల వారికి మామిడి సొన తగిలి చర్మం పొక్కడం అనుభవమే. చాకలివారు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి కూడా అలాంటిదే. మామిడి, నల్లజీడి, ముంతమామిడి మూడూ ఒకే కుటుంబపు చెట్లు. ఆ పొక్కించే గుణం, ఆ గట్టిపడి అంటుకుపోయే గుణం ఫినాల్ వల్లనే వస్తున్నవి. పిక్క కొట్టే ఆడవారు చేతులకు బూడిదో ఆముదమో పూసుకొని కూర్చోవడం ఇందుకే. అయినా వారి వేళ్ళు నల్లబడుతూనే ఉంటాయి. ఆ వేళ్ళకు ఏ బజారులోనూ ధర కట్టలేదు.

ఆంధ్రలో వెనుకటి పద్ధతి పిక్కను డ్రమ్ములో వేసి కాల్చడం. నూనె చాలావరకు మంటకు ఆహుతి అయ్యేది, పొగ వీధంతా కమ్మేది. కొల్లం వైపు పిక్కను వేడి తొక్క నూనె తొట్టిలోనే ముంచి తీసేవారు కాబట్టి అక్కడ నూనె చేతికి వచ్చేది. ఆవిరి బాయిలర్లు వచ్చిన తరువాత తొక్క కాలకుండా మిగులుతున్నది. దానిని ఎక్స్‌పెల్లరులో ఆడించి నూనె తీస్తారు, చెక్క ఇంధనానికి పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలు. పచ్చి తొక్క నుండి వేడి తగలకుండా తీసిన నూనెలో నూటికి 60 నుండి 65 పాళ్ళు అనకార్డిక్ ఆమ్లం ఉంటుంది. కర్మాగారాలకు కావలసినది అది కాదు, కార్డనాల్. సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కాచితే ఆమ్లం బొగ్గుపులుసు వాయువును వదిలి కార్డనాల్‌గా మారుతుంది. వాయువు పోతున్నంతసేపు నురగ పొంగుతుంది. కాగును నిండా నింపిన వాడు సరుకును నేలపాలు చేసుకుంటాడు. తేమ ఉంటే పొంగు రెట్టింపు.

వాయువుకూ బరువు ఉన్నదని గుర్తుంచుకోవాలి. ఆమ్లం మొత్తం మారేసరికి క్వింటాలు పచ్చి నూనెలో సుమారు 8 కిలోలు గాలిలో కలిసిపోతాయి. అందువల్ల పచ్చి నూనెను కాచిన నూనె ధరతో పోల్చి చవక అనుకొని కొన్న దలాలీ ఆ 8 కిలోలను తన కమీషన్ నుండే కట్టుకోవలసి వస్తుంది.

వేడి తక్కువైతే ఆమ్లం మిగిలిపోతుంది. ఎక్కువై, ఎక్కువసేపు సాగితే కార్డనాల్ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి నూనె జిగురెక్కుతుంది. అలాంటి సరుకును వాక్యూంలో బట్టీ పట్టితే దిగేది తక్కువ, అడుగున మిగిలే మడ్డి ఎక్కువ. బట్టీ 200 డిగ్రీలు దాటి నడుస్తుంది. ఒత్తిడి ఎంత తగ్గిస్తే అంత తక్కువ వేడికి కార్డనాల్ ఆవిరై లేత పసుపు రంగులో దిగుతుంది. గాలి తగిలిన కొద్దీ అదీ ఎరుపెక్కుతుంది. రంగు చూసి మాత్రమే బేరం చేయడం ఈ సరుకులో నిలవదు. ఐ.ఎస్. 840 ప్రమాణం తేమ నూటికి 1కి మించరాదంటుంది, విశిష్ట సాంద్రత 30 డిగ్రీల వద్ద 0.950 నుండి 0.970 మధ్య ఉండాలంటుంది. చిక్కదనం, బూడిద కూడా చూస్తారు. పరీక్ష చీటీ అడిగితే మొగమాటపడే అమ్మకందారు దగ్గర తొందరపడవలసిన పని లేదు.

తరువాతి మెట్టు రెజిన్. ఇక్కడ కార్డనాల్‌కు ఫార్మాల్డిహైడ్ కలుపుతారు. క్షారం సమక్షంలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువ పాళ్ళలో వేస్తే, తరువాత వేడి తగిలినప్పుడు తానే గట్టిపడే రకం వస్తుంది. ఆమ్లంతో, తక్కువ పాళ్ళలో వేస్తే హెగ్జమిన్ కలిపితే తప్ప గట్టిపడని రకం వస్తుంది. సరుకు ఒకటే, కలిపే తీరు వేరు. ఈ చర్యలో వేడి తనంతట పుడుతుంది. ఫార్మాల్డిహైడ్‌ను ఒక్కసారిగా పోస్తే పాత్రలో వేడి చేయి దాటిపోయి, కొద్దిసేపట్లో అంతా రాయిలా బిగుసుకుంటుంది. ఉలితో చెక్కి తీయడం తప్ప వేరు దారి ఉండదు. కొంచెం కొంచెంగా పోస్తూ, చుట్టూ నీటితో చల్లబరుస్తూ, మధ్య మధ్య నమూనా తీసి చిక్కదనం చూడడమే అనుభవజ్ఞుల పద్ధతి.

ఇలా గట్టిపరచి పొడి చేసిన సరుకు బ్రేకు లైనింగులలో కలుస్తుంది. రాపిడికి వేడెక్కినా పట్టు జారకుండా, కీచుమనకుండా అది కాపాడుతుంది. పాత ఘాట్ రోడ్డు మీద తిరుమల కొండ దిగే బస్సు డ్రైవరుకు ఆ పట్టు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. బ్రేకు లైనింగులు చేసే కర్మాగారాలు చెన్నైలో పాడి, అంబత్తూరు వైపు ఉన్నవి. చిత్తూరు నుండి లారీకి ఒక్క పూట ప్రయాణం. ఓడల రంగులలో వాడే గట్టిపరిచే సరుకు కూడా కార్డనాల్ నుండే తీస్తున్నారు. తడిలోనూ చలిలోనూ రంగు ఆరడం దాని గొప్ప.

పోటీ లేదని కాదు. పెట్రోలియం నుండి తీసే ఫినాల్ ధర బెంజీన్‌తో పాటు లేస్తుంది, దానితో పాటు పడుతుంది. 2018 చివర గుజరాత్‌లోని దహేజ్‌లో ఏటా 2 లక్షల టన్నుల శక్తి గల దీపక్ ఫినాలిక్స్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఫినాల్ చవకైనప్పుడు రెజిన్ చేసేవారు కార్డనాల్ పాలు తగ్గించుకుంటారు, ప్రియమైనప్పుడు పెంచుతారు. ఇటు వియత్నాం పప్పుతో పాటు తొక్క నూనెనూ ఎగుమతి చేస్తున్నది. కనుక తొక్క నూనె ధర పిక్క దిగుబడి ఒక్కదానితో నడవదు.

ఆంధ్రలో కొత్త పిక్క మార్చి నుండి మే వరకు దిగుతుంది. తొక్క తాజాగా, చవకగా దొరికేది ఆ రోజుల్లోనే. వానలు పడిన తరువాత తడిసిన తొక్క నుండి తీసిన నూనె పీపాలు కొనేవారు ముందు ఒక లీటరు కాచి, నురగ ఎంతసేపు పొంగుతున్నదో చూసుకొని బయానా ఇవ్వడం మేలు.