కొత్త వాసన పోని స్పోర్ట్స్ కారు పాతకార్ల మధ్యకు ఎందుకు చేరుతుంది?

సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేచోట ఒక విషయం మీరు గమనించే ఉంటారు. పదేళ్లు వాడిన చిన్న కార్ల వరసలో, ఇంకా కొత్త వాసన పోని స్పోర్ట్స్ కారు ఒకటి నిలబడి ఉంటుంది. కొని ఏడాది దాటి ఉండదు, తిరిగింది ఆరేడు వేల కిలోమీటర్లే. ధర మాత్రం కొత్తదానికంటే లక్షల్లో తక్కువ. తడ, సూళ్లూరుపేట వైపు నుంచి కాంటాక్టు తరగతులకు వచ్చే విద్యార్థులు దీన్ని గురించి తరచూ అడిగేవారు. వారిలో చాలామంది శ్రీసిటీ కర్మాగారాల్లో పనిచేస్తూ చదువుకునేవారు. ఆదివారాల్లో చెన్నై నుంచి పులికాట్ సరస్సుకో, ఉబ్బలమడుగు జలపాతానికో జాతీయ రహదారి 16 మీద దూసుకొచ్చే కార్లను రోజూ చూసే కళ్లు వారివి. "అంత కొత్త బండిని ఎవరైనా ఊరికే అమ్ముకుంటారా సార్? ఏదో లోపం ఉండే ఉంటుంది కదా?" అన్నది వారి ప్రశ్న.

అర్థశాస్త్రంలో చాలా పేరున్న ఒక వ్యాసం సరిగ్గా ఈ ప్రశ్నతోనే మొదలైంది. షోరూం నుంచి బయటికి వచ్చిన వెంటనే కారు ధర అంతగా ఎందుకు పడిపోతుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో అడిగాడు. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. దీన్నే అసౌష్ఠవ సమాచారం అంటారు. తెలియనివాడు సగటు కారుకు తగిన ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, లోపమున్న కారువాడు సంతోషంగా అమ్ముతాడు. దాంతో సగటు నాణ్యత తగ్గి, ధర ఇంకా దిగుతుంది. ఇది ప్రతికూల ఎంపిక. ఈ వ్యాసాన్ని ప్రచురణకు ముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో నోబెల్ బహుమతి వచ్చింది మాత్రం ఈ ఆలోచనకే. మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. అకెర్లాఫ్ 1967-68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపాడు. బజారులో కొన్న బియ్యంలో కావాలని కలిపిన రాళ్లను ఏరుకునే భారతీయ గృహిణి కూడా ఆ వ్యాసంలో కనిపిస్తుంది.

అయితే మీ అనుమానం నిజమేనని ఇక్కడే తేల్చేయకండి. సిద్ధాంతం ఒకటి చెబుతుంది, లెక్క ఇంకొకటి చూపవచ్చు. ఎరిక్ బాండ్ అనే అర్థశాస్త్రవేత్త అమెరికాలో పికప్ ట్రక్కుల మరమ్మతుల వివరాలు తీసుకుని, చేతులు మారిన బండ్లను మొదటి యజమాని దగ్గరే ఉన్న బండ్లతో పోల్చి 1982లో ఫలితం ప్రకటించాడు. వయసూ, తిరిగిన దూరమూ సమానంగా ఉన్నప్పుడు చేతులు మారిన ట్రక్కులకు పెద్ద మరమ్మతులు ఎక్కువగా ఏమీ రాలేదు. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు పికప్‌లను చూసినప్పుడల్లా నాకు ఆ పరిశోధనే గుర్తుకొస్తుంది. అంటే ధర పడిపోవడానికి కొనేవాడి భయం చాలు. కారులో లోపం ఉండి తీరాలని లేదు.

మరి లోపం లేని కారును ఎందుకు అమ్ముతారు? దీనికి జవాబు కారులో కాక యజమాని ఖాతా పుస్తకంలో ఎక్కువగా దొరుకుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. షోరూం ధర 60 లక్షలు. లైఫ్ టాక్స్, బీమా కలిపి 12 లక్షలు. మొత్తం 72 లక్షలలో 24 లక్షలు చేతి నుంచి పెట్టి, 48 లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పుగా తీసుకున్నాడనుకోండి. నెలకు వాయిదా సుమారు 99,600 రూపాయలు. ఏడాదిలో దాదాపు 12 లక్షలు కడితే, అందులో సుమారు 4 లక్షలు వడ్డీకే పోతాయి. అప్పు ఇంకా 40 లక్షలు మిగిలి ఉంటుంది.

ఇప్పుడు కారు విలువ చూడండి. మన దేశంలో బీమా కోసం కారు విలువను లెక్కించేటప్పుడు ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20 శాతం, మూడేళ్ల లోపు 30 శాతం తరుగుదల తీసేస్తారు. ఏడాది దాటిన మన కారు ఆ లెక్కన 48 లక్షలు. బజారులో అంత కూడా రాకపోవచ్చు. వచ్చిందనే అనుకున్నా, బ్యాంకుకు 40 లక్షలు కట్టేస్తే యజమాని చేతిలో మిగిలేది 8 లక్షలు. పెట్టింది 24 లక్షలు, పైన 12 లక్షల వాయిదాలు. ఏడాది ముచ్చటకు అయిన ఖర్చు 28 లక్షలు. అయినా అమ్ముతాడు. ఎందుకంటే పోయినది మునిగిన వ్యయం, ఇక రాదు. రాబోయే నెలల వాయిదాలను ఆపడం మాత్రం ఇంకా అతని చేతిలో ఉంది. వ్యాపారం మందగించినప్పుడు ఇంట్లో ముందుగా బయటికి పోయేది ఇలాంటి రెండో కారే.

వాడుక సంగతి వేరే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు. చాలా స్పోర్ట్స్ కార్లకు అడుగుభాగానికీ నేలకూ మధ్య ఎడం 11 నుంచి 13 సెంటీమీటర్లే. మన ఊళ్లలో సిమెంటుతో పోసే దిబ్బలు ఏ ప్రమాణానికీ లొంగవు! తడ దాకా రహదారి మీద హాయిగా వచ్చిన కారు, పక్క ఊరి దారి పట్టగానే నత్తనడక నడవాలి. ఇద్దరికి మించి కూర్చోలేని కారులో అమ్మానాన్నలను తిరుమలకు తీసుకెళ్లడమూ కుదరదు. షోరూంలో పది నిమిషాలు నడిపి చూసినప్పుడు ఇవేవీ తెలియవు, వాడిన తరవాతే తెలుస్తాయి. డీలర్లు నడిపి చూపడానికి ఉంచుకున్న డెమో కార్లు కొన్ని వీటితో కలుస్తాయి.

ఇక రెండో కొనుగోలుదారు దగ్గరికి వద్దాం. పూరక వస్తువుల గురించి డిమాండు పాఠంలో చదివారు కదా! కారుకు పూరకాలు టైర్లు, బ్రేకులు, సర్వీసు, బీమా, పెట్రోలు. కారు ధర మూడో వంతు తగ్గినంత మాత్రాన దాని టైరు ధర తగ్గదు. 60 లక్షల కారు 40 లక్షలకు దొరికినా, పగిలిన హెడ్‌లైటుకు కట్టేది 60 లక్షల కారు హెడ్‌లైటు ధరే. 1500 సీసీ దాటిన ఇంజన్‌కు 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ బీమా ప్రీమియం ఏడాదికి 7,897 రూపాయలు. అది కారు వయసును బట్టి మారదు. కొనే ధర దిగింది, ఉంచుకునే ఖర్చు దిగలేదు. తగ్గిన ధరను చూసి కొన్నవాడి ఆదాయం చాలాసార్లు మొదటి యజమాని ఆదాయం కంటే తక్కువగా ఉంటుంది. అందుకే అతనూ త్వరలోనే అమ్ముతాడు. ఒకే కారు మూడేళ్లలో మూడు చేతులు మారడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. అకెర్లాఫ్ చెప్పిన భయం దీని తరవాతే.

ధర ఎప్పుడూ దిగుతూనే ఉంటుందని కూడా అనుకోకండి. కొత్త కార్ల సప్లయి ఆగిపోతే పాతవి ప్రియమవుతాయి. చిప్‌ల కొరత కాలంలో, 2022 జనవరి నాటికి అమెరికాలో పాత కార్ల ధరలు ఏడాదిలో 40 శాతం పైగా పెరిగాయి. దీనికి వ్యతిరేకంగా, కొత్త కార్ల మీద పన్ను తగ్గితే పాతవాటి ధర కూడా ఆ వెంటే దిగుతుంది.

తడ లాంటి సరిహద్దు ఊరిలో మరో మెలిక ఉంది. తమిళనాడు నంబరు కారు ఇక్కడ చవకగా కనిపించడానికి కారణం పన్ను. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి చెన్నై ఆర్టీవో కార్యాలయం నుంచి ఫారం 28లో నిరభ్యంతర పత్రం తేవాలి, ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ టాక్స్ కట్టాలి. అప్పు మిగిలి ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 కూడా కావాలి, లేకపోతే ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. ఈ ఖర్చంతా కలిపి చూస్తే చవక చాలావరకు కరిగిపోతుంది. పైగా, "ఆర్‌సీ మార్పు తరవాత చూద్దాంలే" అని ఎవరైనా అంటే, అమ్మినవాడూ ప్రమాదంలోనే ఉంటాడు. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారే నష్టపరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.