ఫ్యాన్ డ్యూటీ సైకిల్ దానంతట అదే మారుతోందా? చిప్‌ని తిట్టే ముందు ఇవి చెక్ చేయండి

మే నెల, నందికొట్కూరు, మధ్యాహ్నం రెండు గంటలు. ఉదయం 40 శాతం దగ్గర తిరిగిన ఫ్యాన్ ఇప్పుడు 55లో ఉంది. కాసేపటికి 70. సాయంత్రం కరెంటు పోయి వచ్చాక ఏకంగా 100! స్క్రిప్ట్‌లో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఇది మా నాన్న షాపు బిల్లులు, ఇంట్లో ఫొటోలు దాచుకునే చిన్న సర్వర్. రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4ని దాని ఐవో బోర్డు మీద పెట్టాను. ఆ బోర్డులో ఫ్యాన్‌ని నడిపేది ఈఎంసీ2301 అనే కంట్రోలర్ చిప్. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తన స్పీడ్ తనే తగ్గించుకుంటుంది కాబట్టి మా ఎండల్లో ఫ్యాన్‌ని తేలిగ్గా తీసుకోలేం. చిప్ పోయిందనుకుని కొత్త బోర్డు ఆర్డర్ పెట్టబోయాను. ఆగి మంచి పని చేశాను.

100 శాతం ఎందుకు?

ముందు ఈజీ కేసు. ఈ చిప్‌లో వాచ్‌డాగ్ టైమర్ ఉంది. పవర్ వచ్చాక 4 సెకన్లలోపు ఎవరూ ప్రోగ్రామ్ చేయకపోతే, సేఫ్టీ కోసం ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌లో పెట్టేస్తుంది. నేనేమో స్క్రిప్ట్‌ని చేత్తో రన్ చేసేవాణ్ని. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది, స్క్రిప్ట్ లేవలేదు. దాన్ని బూట్‌లోనే స్టార్ట్ అయ్యేలా పెట్టాను. బూట్ అయ్యేవరకు కాసేపు హోరు ఉంటుంది, అది మామూలే.

మరి 40 నుంచి 70?

డ్యూటీ విలువ హెక్స్ 30 రిజిస్టర్‌లో 0 నుంచి 255 మధ్య ఉంటుంది. 102 అంటే 40 శాతం. నేను మళ్లీ మళ్లీ 102 రాసినా చిప్ పట్టించుకోలేదు. డేటాషీట్ తీస్తే విషయం తెలిసింది. హెక్స్ 32 రిజిస్టర్‌లో పై బిట్ 1 అయితే చిప్ ఆటో మోడ్‌లో ఉన్నట్టు. అప్పుడు మనం ఇచ్చేది డ్యూటీ కాదు, టార్గెట్ స్పీడ్. ఆ స్పీడ్ నిలబెట్టడానికి ఎంత డ్యూటీ కావాలో చిప్పే చూసుకుంటుంది. నెట్‌లో దొరికిన స్క్రిప్ట్‌ని చదవకుండా వాడాను, అందులో ఆ బిట్ ఆన్ చేసి ఉంది. ఉదయం ఆ స్పీడ్‌కి 40 శాతమే సరిపోవడంతో నా మాటే వింటోందనుకున్నా.

అసలు దొంగ దొరికాడు

బిట్‌ని 0 చేసి, 102 రాసి, టెంపరేచర్ మీద ఓ కన్నేసి ఉంచాను. ఈసారి డ్యూటీ కదల్లేదు. కానీ టాకోమీటర్ రీడింగ్ పెరుగుతూ పోయింది. స్పీడ్ పెరిగిందని సంబరపడ్డాను కూడా! నిజానికి ఆ అంకె ఆర్‌పీఎం కాదు, ఒక తిరుగుడుకి పట్టే టైమ్ లెక్క. అంకె పెరిగిందంటే ఫ్యాన్ నెమ్మదించినట్టు.

మల్టీమీటర్ పెడితే పేరులేని 12 వోల్టుల అడాప్టర్ ఉదయం 12.1 ఇస్తోంది, మధ్యాహ్నం వేడెక్కాక 10.9. రెక్కల మీద దుమ్ము అదనం. ఫ్యాన్ బలం తగ్గుతుంటే చిప్ డ్యూటీ పెంచి కవర్ చేస్తూ వచ్చింది. అంటే తప్పు చేసింది చిప్ కాదు, తప్పుని నాకు చూపించింది చిప్.

అడాప్టర్ మార్చి, రెక్కలు తుడిచి, ఆటో మోడ్ మళ్లీ ఆన్ చేశాను. మధ్యాహ్నం కూడా 42 దాటట్లేదు.

మీకూ ఇలాగే జరిగితే ఈ ఆర్డర్‌లో చూడండి:

1. చిప్ ఏ మోడ్‌లో ఉంది?
2. రీబూట్ తర్వాత దాన్ని ఎవరు ప్రోగ్రామ్ చేస్తున్నారు? స్క్రిప్ట్, కెర్నల్ డ్రైవర్ రెండూ ఒకేసారి రాయట్లేదు కదా?
3. మాన్యువల్ మోడ్‌లో డ్యూటీ ఫిక్స్ చేస్తే స్పీడ్ నిలబడుతోందా?
4. లోడ్‌లో ఉన్నప్పుడు సప్లై వోల్టేజ్ ఎంత?

ఇప్పుడు నా స్క్రిప్ట్ గంటకోసారి డ్యూటీని లాగ్‌లో రాస్తుంది. అదే స్పీడ్‌కి డ్యూటీ మెల్లగా పెరుగుతోందంటే బ్రష్ పట్టుకునే టైమ్ వచ్చినట్టే.